కవాయిలో హెలికాప్టర్ టూర్: అత్తయ్య మావయ్యగార్లతో వెళ్తున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సామర్లకోట_అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. మేము డాలస్‌లో ఉంటాం, ఈసారి థాంక్స్‌గివింగ్ సెలవులకి హవాయి అనుకున్నాం, ఫ్లైట్ టికెట్లు అయిపోయాయి, కవాయి దీవిలో 6 రాత్రులు. ఇండియా నుంచి అత్తయ్యగారు మావయ్యగారు వచ్చి ఉన్నారు, మేమిద్దరం, బాబుకి 6 ఏళ్లు, పాపకి 19 నెలలు.

మావయ్యగారు ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, ధవళేశ్వరంలో చాలా ఏళ్లు ఉన్నారు, ఆయనకి నీళ్లన్నా కొండలన్నా ప్రాణం. పాపికొండలకి లాంచీలో ఎన్నిసార్లు వెళ్లారో లెక్కే లేదు. "కింద నుంచి చూస్తే ఎదురుగా ఉన్న కొండే కనిపిస్తుందమ్మా, నీళ్లు ఎక్కడ పుట్టి ఎటు దిగుతున్నాయో పైనుంచి చూస్తేనే తెలుస్తుంది" అంటుంటారు. మొన్న మా వారు టీవీలో "నా పాలీ కోస్ట్" అనే కవాయి కొండల తీరం వీడియో ఏదో పెడితే టీ కప్పు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు, టీ చల్లారిపోయింది, మళ్లీ వేడి చేసి ఇచ్చాను. ఆయన నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే ఎలాగైనా ఆయన్ని హెలికాప్టర్ ఎక్కించాలని నా పట్టుదల.

ఇక నా డౌట్లు. మావయ్యగారికి 71, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నాలుగేళ్ల కింద ఒక స్టెంట్ వేశారు, ఇప్పుడు బానే ఉన్నారు, రోజూ నడుస్తారు. ఎక్కనిస్తారా? పాపని ఒళ్లో పెట్టుకోవచ్చా? డోర్లు లేకుండా తిప్పేవి కూడా ఉన్నాయంటున్నారు, డోర్లు ఉన్నవి తీసుకుంటే అద్దంలోంచి సరిగ్గా కనిపిస్తుందా? పొద్దున మంచిదా సాయంత్రం మంచిదా? డీల్స్ సైట్లలో చూస్తే కంపెనీ సైట్ కన్నా 40 డాలర్లు తక్కువకి కనిపిస్తోంది, మా అందరికీ కలిపితే చాలా తేడా, తీసుకోవచ్చా? ఆఖరి రోజు ఫ్లైట్ రాత్రికి కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం హెలికాప్టర్ పెట్టుకుని ట్రిప్ ముగిద్దామని మా వారి ఐడియా. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

—

బెజవాడ_టు_బే_ఏరియా:

హాయ్ అండి, పోయిన ఏడాది ఫిబ్రవరిలో మా అమ్మని తీసుకెళ్లాను, ఆవిడకి 68. మీ పోస్ట్ చదవగానే మొదట చెప్పాలనిపించింది ఒకటే, ఆఖరి రోజు అస్సలు పెట్టుకోకండి. కవాయిలో వాతావరణం గంటగంటకీ మారుతుంది, మబ్బు దిగిందంటే టూర్ క్యాన్సిల్ చేసేస్తారు, మీరు మొదటి రెండు రోజుల్లో పెట్టుకుంటే క్యాన్సిల్ అయినా ఇంకో రోజుకి మార్చుకోవడానికి చోటుంటుంది. ఆఖరి రోజైతే డబ్బులు తిరిగొస్తాయి గానీ మావయ్యగారు చూడకుండానే ఫ్లైట్ ఎక్కాల్సొస్తుంది. పైగా థాంక్స్‌గివింగ్ వారం అంటే రద్దీ, ఇప్పుడే బుక్ చేసుకోండి.

కవాయిలోనే ఎందుకంటే, ఆ దీవిలో చాలా భాగానికి అసలు రోడ్డే లేదు. ఉత్తరం వైపు రోడ్డు కేఈ బీచ్ దగ్గర ఆగిపోతుంది, పడమర వైపు ఇంకో చివర ఆగిపోతుంది, మధ్యలో నా పాలీ కోస్ట్ సుమారు 17 మైళ్లు, సముద్రంలోంచి నిలువుగా లేచిన కొండలు, కొన్ని 4,000 అడుగుల దాకా ఉంటాయి. నడవాలంటే కలలావ్ ట్రయల్ ఒక వైపే 11 మైళ్లు, పెద్దవాళ్లతో అయ్యే పని కాదు. పడవలో వెళ్తే కింద నుంచి చూడొచ్చు, మీ మావయ్యగారు అన్నట్టు లోయల లోపల ఏముందో మాత్రం పైనుంచే కనిపిస్తుంది. మేము ఎక్కింది 50 నిమిషాల టూర్, లిహూయే ఎయిర్‌పోర్ట్ నుంచి బయల్దేరి హనపేపే లోయ, వైమియా కాన్యన్, నా పాలీ, హనలే బే, అక్కణ్ణుంచి వైయలెయలె కొండ నడుమ ఉన్న గిన్నెలాంటి లోయ లోపలికి, మళ్లీ లిహూయే. మనిషికి 300 డాలర్ల పైనే అయింది. తక్కువేం కాదు, కానీ ఆ వారంలో మేము పెట్టిన ఖర్చుల్లో అమ్మ ఇప్పటికీ తలుచుకునేది అదొక్కటే.

బరువు సంగతి ముందే చెప్తున్నా, బుకింగ్‌లో అందరి బరువూ పౌండ్లలో అడుగుతారు, కిలోలని 2.2తో గుణించి ఉన్నది ఉన్నట్టు రాయండి, అక్కడికెళ్లాక మళ్లీ కాటా మీద నిలబెడతారు, బట్టలు బూట్లు కెమెరాతో సహా. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువుల్ని బట్టే వాళ్లు వేస్తారు, మనం అడిగితే మారదు. సుమారు 240, 250 పౌండ్లు దాటినవాళ్లకి చాలా కంపెనీలు పక్క సీటుకి కూడా కొంత చార్జ్ చేస్తాయి. ఏస్టార్ అనే మోడల్‌లో పైలట్ పక్కన ఇద్దరు, వెనక నలుగురు కూర్చుంటారు, వెనక మధ్యలో పడ్డ ఇద్దరికీ కొంచెం తక్కువ కనిపిస్తుంది. ఈసీ130 అని ఇంకోటి ఉంటుంది, దాంట్లో వెనక వరుస కాస్త ఎత్తుగా ఉంటుంది, అద్దాలు పెద్దవి, పెద్దవాళ్లకి అది హాయి. బుక్ చేసేటప్పుడు ఏ మోడల్ అని ఫోన్ చేసి అడగండి.

ఇంకో ముఖ్యమైన విషయం, చీర వద్దు. మా అమ్మ చీర తప్ప కట్టదు, రెక్కలు తిరుగుతుండగానే మనల్ని నడిపించుకుంటూ తీసుకెళ్లి ఎక్కిస్తారు, ఆ గాలికి పైట ఆగదు, అది ప్రమాదం కూడా. ముదురు రంగు చుడీదార్ వేయించి చున్నీ కార్లోనే వదిలేయించాను. ముదురు రంగు ఎందుకంటే తెల్లబట్టలు వేసుకుంటే అద్దంలో మన బట్టలే కనిపిస్తాయి, ఫొటోలన్నీ పాడు. టోపీలు, విడి సామాన్లు ఏవీ లోపలికి రానివ్వరు. ఎక్కే మెట్టు కాస్త ఎత్తే, కానీ గ్రౌండ్ వాళ్లు పట్టుకుని ఎక్కిస్తారు, మోకాళ్ల నొప్పులని ముందే చెప్పండి. కళ్లు తిరిగే అలవాటుంటే గంట ముందు మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే ఉపయోగం లేదు.

డోర్లు లేనివి మీకు వద్దండి, పిల్లల్ని ఎక్కనివ్వరు, చలి, చెవుల్లో హోరు, పెద్దవాళ్లకి బాగోదు.

—

నల్లమల_బాటసారి:

అక్కా, నేను ఏవియేషన్ మెయింటెనెన్స్ లైన్‌ల పన్జేస్త, అందుకే కొంచెం వేరే ముచ్చట చెప్తున్న, భయపెట్టుడు నా ఉద్దేశం కాదు. ఇంటిల్లిపాది ఎక్కుతున్రు గాబట్టి తెల్సుకొని ఎక్కాలె.

కవాయిలనే 2019 డిసెంబర్ 26 నాడు ఒక టూర్ హెలికాప్టర్ కొండకు గుద్దుకుంది, పైలట్‌తోని కలిపి ఏడుగురు చనిపోయిన్రు. ఎన్‌టీఎస్‌బీ (అమెరికాల విమాన ప్రమాదాల మీద దర్యాప్తు చేసే సర్కారు సంస్థ) దర్యాప్తు చేసి 2022ల ఏం తేల్చిందంటే, మిషన్‌ల లోపం ఏం లేదు, మబ్బు కమ్ముకుంటుంటె ముందర ఏం కనిపించకపోయినా పైలట్ వెనక్కి తిరగకుండ అట్లనే పోయిండు, గదీ కారణం. ఈ టూర్లన్నీ కంటికి కనిపించేదాన్ని బట్టి నడిపేటియే, మబ్బుల పోతె కొండ యాడుందో తెల్వది. దాని తర్వాత ఎఫ్ఏఏ, అంటె విమానాలకు రూల్స్ పెట్టే సర్కారు సంస్థ, హవాయిల వాతావరణం చూసే కెమెరాలు పెట్టింది, పైలట్లు ఎగిరేముందు కొండల దగ్గర మబ్బు ఎట్లుందో స్క్రీన్ మీద చూసుకుంటరు. మనం కూడ చూడొచ్చు, ఎఫ్ఏఏ వెదర్ క్యామ్స్ అని కొడితె వస్తది.

గందుకనే ఒక్కటే మాట, కంపెనీ క్యాన్సిల్ జేసిందంటె కోపం చేసుకోకండ్రి. చాలామంది టూరిస్టులు "గింత దూరం వచ్చినం, కొంచెం తిప్పుండ్రి" అని కౌంటర్ కాడ ఒత్తిడి పెడ్తరు. ఆ ఒత్తిడి తిరిగి తిరిగి పైలట్ నెత్తి మీదికే పోతది. మబ్బు జూసి పైలట్ సగంల వెనక్కి తిప్పిండంటె ఆయనకి దండం పెట్టాలె.

బుక్ చేసేముందు రెండు ముచ్చట్లు అడుగుండ్రి. ఒకటి, ఈ టూర్ పార్ట్ 135 సర్టిఫికెట్ కింద నడుపుతున్నరా లేక పార్ట్ 91 కిందనా. పార్ట్ 135 అంటె పైలట్ ట్రైనింగ్, డ్యూటీ గంటలు, మెయింటెనెన్స్ అన్నిటికీ గట్టి రూల్స్ ఉంటయ్. పార్ట్ 91 కింద బయల్దేరిన కాణ్ణుంచి 25 మైళ్ల లోపల తిరిగి వచ్చే చిన్న టూర్లకి పర్మిషన్ ఉంటది, రూల్స్ గంత గట్టిగ ఉండవ్. రెండోది, వాతావరణం బాగలేక క్యాన్సిల్ అయితె పైసలు మొత్తం వాపస్ ఇస్తరా, తారీఖు మారుస్తరా. రెండిటికీ సూటిగ జవాబు చెప్పిన కంపెనీ అయితె బుక్ చెయ్యుండ్రి, నాన్చుతుంటె వదిలెయ్యుండ్రి.

సముద్రం మీద పోతరు గాబట్టి నడుముకు లైఫ్ వెస్ట్ సంచి కడ్తరు, వీడియో చూపిస్తరు ఎట్ల తియ్యాల్నో. ఇంగ్లిష్ స్పీడ్‌గ ఉంటది, అత్తమ్మకు మామయ్యకు మీరే పక్కన కూసోని తెలుగుల చెప్పుండ్రి, బెల్ట్ ఎట్ల ఊడదీయాల్నో చేత్తోని రెండుసార్లు చేపియ్యుండ్రి. దిగినంక తోక దిక్కు అస్సలు పోవద్దు, బాబు చెయ్యి వదలొద్దు.

స్టెంట్ ముచ్చట మీ డాక్టర్‌నే అడుగుండ్రి, మేమెవ్వరం చెప్పేది కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ కాయితాలు గూడ ఒకసారి చదువుండ్రి, కొన్ని పాలసీలల్ల ఇట్లాంటి టూర్లను కవరేజ్ నుంచి తీసేస్తరు.

—

సామర్లకోట_అమ్మాయి:

చాలా చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. తమ్ముడూ, నువ్వు చెప్పింది మా వారికి చదివి వినిపించాను, ఆఖరి రోజు ఐడియా వదిలేశారు. మేము ఆదివారం దిగుతున్నాం, సోమవారం పొద్దునకి చూస్తున్నాం. చీర గురించి అయితే అసలు తట్టనే లేదు నాకు, అత్తయ్యగారి దగ్గర చుడీదారే లేదు, ఈ వీకెండ్ కొనాలి. పాప గురించి ఎవరూ చెప్పలేదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఒప్పుకుంటారా? డీల్ సైట్ సంగతి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

—

విశాఖ_కెరటం:

డీల్ సైట్ వద్దమ్మా. మాకు జరిగింది చెప్తాను, మేము నలుగురం, నేనూ మా ఆయనా పిల్లలిద్దరూ, రెండేళ్ల కింద వెళ్లాం, 40 డాలర్లు తక్కువని ఒక డీల్ సైట్‌లో వోచర్లు కొన్నాం. అది కొన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదని మాకు అప్పుడు తెలీదు, మళ్లీ కంపెనీకి ఫోన్ చేసి టైమ్ తీసుకోవాలి, ఫోన్ చేస్తే మా వారానికి మధ్యాహ్నం 3 గంటల స్లాట్ ఒక్కటే మిగిలింది, అదీ మేము బయల్దేరే ముందు రోజు. ఆ రోజు వాన. కంపెనీ వాళ్లు "మీ డబ్బు మా దగ్గర లేదు, కొన్నచోట అడగండి" అన్నారు, డీల్ సైట్ వాళ్లు "కంపెనీ నుంచి క్యాన్సిల్ చేసినట్టు ఉత్తరం తెండి" అన్నారు, ఆ ఉత్తరాలతో ఈమెయిళ్లతో రెండు నెలలు గడిచాయి, డబ్బు చివరికి వచ్చింది గానీ మా చిన్నాడు ఎయిర్‌పోర్ట్‌లో కిటికీకి ముఖం ఆనించి అక్కడ ఎగురుతున్న హెలికాప్టర్లని చూస్తూ ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. కంపెనీ సైట్‌లోనే, క్రెడిట్ కార్డు మీదే తీసుకో. వాతావరణం బాగోకపోతే వాళ్లే ఫోన్ చేసి ఇంకో టైమ్ ఇస్తారు, మధ్యలో మూడో మనిషి ఉండడు. మనంతట మనం మానుకోవాలంటే మాత్రం చాలా చోట్ల 24 గంటల ముందే చెప్పాలి, అది చూసుకో.

పాప సంగతి. రెండేళ్లు నిండని పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవచ్చని ఎఫ్ఏఏ రూల్ ఉంది, కానీ చాలా కంపెనీలు అసలు తీసుకోవు, తీసుకున్నా నేనైతే వద్దంటాను. ఆ చప్పుడుకి అంత చిన్నపిల్ల హెడ్‌సెట్ పెట్టుకుని గంటసేపు ఉండదు, ఏడుపు మొదలైతే నువ్వూ చూడలేవు మిగతావాళ్లూ చూడలేరు. ఒకళ్లు పాపతో కింద ఉండిపోండి. లిహూయే ఎయిర్‌పోర్ట్ నుంచి కలపాకీ బీచ్ అయిదారు నిమిషాలే, అక్కడ ఆడించుకుంటూ ఉండొచ్చు. బాబుకి మాత్రం పూర్తి టికెట్టే, రెండేళ్లు దాటితే సొంత సీటు ఉండాలి.

స్కూబా గానీ చేసే ఆలోచన ఉంటే హెలికాప్టర్ తర్వాతే పెట్టుకోండి, డైవింగ్ చేశాక 24 గంటలు గడిస్తే గానీ ఎక్కనివ్వరు. మీ వారికి చెప్పు.

—

పసిఫిక్_పల్లెటూరు:

నేను హొనొలులూలో ఏడేళ్లుగా ఉంటున్నానండి, కవాయికి చుట్టాలొచ్చినప్పుడల్లా వెళ్తుంటాను. వాతావరణం గురించి రెండు ముక్కలు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది, ఆ గాలి తెచ్చే తేమంతా దీవి మధ్యలో ఉన్న వైయలెయలె కొండకి తగిలి అక్కడే కురుస్తుంది. ఆ కొండ ఎత్తు 5,148 అడుగులు, ప్రపంచంలో బాగా వానపడే చోట్లలో అదొకటి, ఏడాదికి దాదాపు 400 అంగుళాలు. మన గోదావరి జిల్లాల్లో 40, 45 అంగుళాలు పడితే మంచి వానలు అంటాం కదా, దానికి తొమ్మిది పది రెట్లు అన్నమాట. అదే దీవిలో పడమటి వైపు కొన్ని మైళ్ల దూరంలో ఎర్రమట్టి, ముళ్లపొదలు. మీ మావయ్యగారికి ఇది ముందే చెప్పండి, ఇరిగేషన్ ఆయన కాబట్టి పైనుంచి చూడగానే పట్టేస్తారు, పచ్చదనం ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో గీత గీసినట్టు కనిపిస్తుంది. వైమియా కాన్యన్ మూడు వేల అడుగుల పైన లోతు, వైయలెయలె పక్క చిత్తడి నేలల నుంచి దిగే నీళ్లే దాన్ని అంతలా కోసేశాయి.

పొద్దున్నా సాయంత్రమా అంటే, పొద్దున గాలి తక్కువ, కుదుపులు తక్కువ, కొండ మీద మబ్బు ఇంకా పేరుకోదు. కానీ నా పాలీ వాయవ్యం వైపు తిరిగి ఉంటుంది కాబట్టి పొద్దున్నే నీడలో ఉంటుంది, నవంబర్‌లో సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి ఆ నీడ ఇంకా ఎక్కువ. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు మధ్యాహ్నం అంటారు. పెద్దవాళ్లతో అయితే నేను పొద్దున 9, 10 మధ్యే చెప్తాను. ఫొటోలో వెలుగు కాస్త తగ్గినా పరవాలేదు, కడుపులో తిప్పకుండా ఉండటం ముఖ్యం. పొద్దున టైమ్ క్యాన్సిల్ అయినా అదే రోజు మధ్యాహ్నానికి మార్చే అవకాశం కూడా ఉంటుంది.

అసలు కుదరకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. లిహూయే నుంచి కారులో గంటన్నరలో కోకీ స్టేట్ పార్క్, అక్కడ కలలావ్ లుకౌట్ ఉంది, కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, మోకాళ్లకి ఇబ్బంది లేదు, 4,000 అడుగుల ఎత్తు నుంచి నా పాలీ లోయ సముద్రం దాకా కనిపిస్తుంది. మబ్బు కమ్మి ఉంటే వెనక్కి రాకండి, ఓ పావుగంట ఆగండి, తెర తీసినట్టు విడిపోతుంది. పడవ టూర్ మాత్రం నవంబర్‌లో పెద్దవాళ్లకి వద్దు, ఉత్తరం నుంచి అలలు పెద్దవిగా ఉంటాయి.

ఇంకొకటి, కవాయిలో మన శివాలయం ఉంది, వైలువా నది దగ్గర ఇరైవన్ గుడి, బెంగళూరు దగ్గర శిల్పులు ఏళ్ల తరబడి ఉలితో చెక్కిన గ్రానైట్ రాళ్లని ఓడల్లో తెచ్చి పేర్చారు, 2023 మార్చిలో కుంభాభిషేకం అయింది. పొద్దున పూటే చూడనిస్తారు, ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలి. మీ అత్తయ్యగారి కోసం ఒక పొద్దున అక్కడికి పెట్టండి.

—

సామర్లకోట_అమ్మాయి:

అందరికీ నమస్తే, నిన్న రాత్రే డాలస్ చేరాం, బట్టలు కూడా ఇంకా ఉతకలేదు, ముందు ఇది రాసేస్తే గానీ మనసు కుదుటపడదు.

మీరంతా చెప్పినట్టే కంపెనీ సైట్‌లో నేరుగా బుక్ చేశాం, ఫోన్ చేసి పార్ట్ 135 కిందేనా అని అడిగితే ఫోన్ ఎత్తినావిడ వెంటనే అవునంది, క్యాన్సిల్ చేస్తే మొత్తం వాపస్ అని ఈమెయిల్ కూడా పంపింది. కార్డియాలజిస్ట్ మావయ్యగారిని చూసి వెళ్లొచ్చన్నారు. మా వారు గ్రాండ్ కాన్యన్‌లో ఒకసారి ఎక్కారు కాబట్టి పాపతో ఆయనే కింద ఉంటానన్నారు.

సోమవారం పొద్దున ఏడింటికే ఫోన్ వచ్చింది, కొండ మీద మబ్బు, ఈరోజు లేదు అని. నాకు గుండె జారిపోయింది, థాంక్స్‌గివింగ్ వారం, ఇంకో స్లాట్ దొరకదనుకున్నా. తమ్ముడు చెప్పిన మాట గుర్తొచ్చి ఏమీ అనకుండా "సరే, మళ్లీ ఎప్పుడు వీలవుతుంది" అని మాత్రం అడిగాను. బుధవారం 9 గంటలకి ఇచ్చింది. అదే ఆఖరి రోజైతే ఏమయ్యేదో. సోమవారం గుడికి రిజర్వేషన్ దొరకలేదు, కోకీకి వెళ్లాం, కలలావ్ లుకౌట్‌లో 20 నిమిషాలు తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు, ఆగమన్నారు కదా అని ఆగాం, ఒక్కసారిగా కింద సముద్రం కనిపించింది, పక్కనున్న వాళ్లంతా అరిచారు. అత్తయ్యగారికి మాత్రం అక్కడ తిరిగే అడవి కోళ్లే నచ్చాయి, దీవి అంతా కోళ్లే, పార్కింగ్‌లో ఒక పుంజు ఆవిడ చేతిలోని చేగోడీ కోసం కారు దాకా వెంటబడింది.

బుధవారం ముప్పావుగంట ముందే వెళ్లాం. కాటా మీద నిలబెట్టారు, అంకె వాళ్లకి మాత్రమే కనిపించేలా ఉంది, అత్తయ్యగారు సంతోషించారు. ముదురు నీలం చుడీదార్‌లో ఆవిడ్ని చూసి మావయ్యగారు ఏమీ అనలేదు గానీ ఫొటో మాత్రం తీశారు. లైఫ్ వెస్ట్ బెల్ట్ ఇద్దరికీ తెలుగులో చెప్పి రెండుసార్లు తీయించి పెట్టించాను. ఈసీ130 వచ్చింది, ముందు సీట్లలో బాబూ అత్తయ్యగారూ పడ్డారు, వెనక కిటికీ పక్కన మావయ్యగారు, ఆయన పక్కన నేను. ఎక్కేటప్పుడు ఒక చిన్న పీట వేశారు, గ్రౌండ్ అబ్బాయి మోచెయ్యి పట్టుకున్నాడు, మోకాళ్ల సమస్యే రాలేదు.

పైకి లేచేటప్పుడు విమానంలా పరుగెత్తదు, ఉన్నచోట నుంచే నేల మెల్లగా దూరమవుతుంది, అత్తయ్యగారు తన సీటు కింది రాడ్‌ని గట్టిగా పట్టుకున్నారు, అయిదు నిమిషాల తర్వాత చూస్తే వదిలేశారు. హనపేపే లోయలో జలపాతం దగ్గర పైలట్ అటోసారి ఇటోసారి తిప్పాడు, రెండువైపులా కూర్చున్నవాళ్లకి కనిపించేలా. కాన్యన్‌లో ఆకుపచ్చ ఆగిపోయి ఎరుపు మొదలయ్యే చోట మావయ్యగారు నా చెయ్యి తట్టి చూపించారు, ఆయనకి ముందే చెప్పి ఉంచాను కదా. నా పాలీ మీద నీడ ఉన్న మాట నిజమే, ఫొటోలు కొంచెం మసగ్గా వచ్చాయి, కానీ కళ్లకి ఏ లోటూ అనిపించలేదు, ఒక్కో లోయ వెనక ఇంకో లోయ, ఒక్కోదాంట్లో సన్నగా దారంలా నీళ్లు.

వైయలెయలె దగ్గరికి వచ్చేసరికి లోపల మబ్బు నిండిపోయి ఉంది. పైలట్ అంచు దాకా వెళ్లి "ఈరోజు లోపలికి వెళ్లడం లేదు" అని హెడ్‌సెట్‌లో చెప్పి తిప్పేశాడు. పక్క సీట్లో ఆవిడ అయ్యో అంది, నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. దిగాక ఆయనకి మనిషికి 20 డాలర్ల చొప్పున టిప్ ఇచ్చాం.

మావయ్యగారు లోపల 50 నిమిషాల్లో ఒక్క మాట మాట్లాడలేదు. దిగి కారెక్కాక జేబులోంచి చిన్న పుస్తకం తీసి, దీవి బొమ్మ గుండ్రంగా గీసి, మధ్యలో కొండ పెట్టి, ఏ నీళ్లు ఎటు దిగుతున్నాయో ఒక్కో గీతా గీస్తూ బాబుకి చెప్పడం మొదలుపెట్టారు. కలపాకీలో మా వారినీ పాపనీ ఎక్కించుకునేసరికి ఆ పేజీ నిండిపోయింది. అది ఫొటో తీశాను, రేపు ఇక్కడ పెడతాను.